నలభై అడుగుల్లో విదేశం

సూరీడమ్మ ఒక్క కుళాయి అడిగింది. పంతొమ్మిదేళ్ళుగా ఆ యూనివర్సిటీకి ఇడ్లీలు పెడుతున్న మనిషి, అంతకు మించి దాన్ని ఎప్పుడూ ఏమీ అడగలేదు.

ఆవిడ కాంటీను సైన్సు బ్లాకు వెనక, జీడితోట వైపు ప్రహరీ కూలిపోయిన చోట ఉంది. నాలుగు రేకులు, రెండు పొయ్యిలు, మూడు బల్లలు. మొదలుపెట్టింది ఆవిడ భర్త. ఆయన పోయిన పదకొండో రోజు నుంచీ పొయ్యి ఆరకుండా ఆవిడే నడుపుకొస్తోంది. పిండి రుబ్బడానికి యంత్రం ఉంది, గిన్నెలు తోమడానికి మనిషి ఉంది. లేనివల్లా నీళ్ళే. ఆడపిల్లల హాస్టలు కుళాయి దగ్గర్నుంచి రోజుకి ముప్ఫై బిందెలు మోసుకురావాలి.

“పదిహేనో బిందె దాకా మోకాళ్ళు నా మాట ఇంటాయి. ఆ తర్వాత్నుంచి నానే ఆటి మాట ఇనాలి” అనేది సూరీడమ్మ.

నీళ్ళ పైపు సైన్సు బ్లాకు గోడ దాకా వచ్చి ఆగిపోయింది. అక్కణ్ణుంచి కాంటీనుకి నలభై అడుగులు. ఆ నలభై అడుగుల కోసమే ఆవిడ అర్జీ పెట్టుకుంది. రెండేళ్ళకి పదకొండు రోజులు తక్కువలో జవాబు వచ్చింది.

ఆ జవాబు ఆవిడే చదువుకుంది. వయోజన విద్య వాళ్ళు సాయంత్రం పూట పెట్టిన తరగతిలో యాభై రెండో ఏట అక్షరాలు నేర్చుకుంది సూరీడమ్మ. ఆరు నెలలకి వాళ్ళు తరగతి ఎత్తేశారు కానీ నేర్చుకున్నది ఆవిడ దగ్గరే ఉండిపోయింది. ముదిరాక చదువుకున్నవాళ్ళకి ఒక అలవాటుంటుంది. ఒక్క మాటా వదలరు. చిన్నప్పుడే చదువుకున్నవాళ్ళు పైన తేదీ, కింద సంతకం చూసుకుని మధ్యది ఊహించుకుంటారు. సూరీడమ్మకి ఆ సదుపాయం లేదు. ఉత్తరం పూర్తయ్యేసరికి ఇడ్లీలు రెండు వాయిలు దిగాయి.

“మీ అర్జీ పరిశీలించడమైనది. తాము కాంటీను నడుపుచున్న స్థలము రికార్డుల ప్రకారము విశ్వవిద్యాలయ పరిధికి వెలుపల ఉన్నందున, సదరు స్థలమునకు కుళాయి మంజూరు చేయుటకు నిబంధనలు అంగీకరించవని తెలియజేయడమైనది.”

కింద రిజిస్ట్రారు గంటి దక్షిణామూర్తిగారి సంతకం. పరిధికి వెలుపలి నుంచే రోజూ పదకొండు గంటలకి ఆయనకి టీ వెళుతుంది. ఆ సంగతి ఉత్తరంలో లేదు.

సూరీడమ్మ దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఉప్పుడబ్బా పక్కన మేకుకి తగిలించింది. కోపం వచ్చినప్పుడల్లా ఒకసారి చదువుకునేది. రాయడం బాగా రాశారు అనుకునేది.

ఆ యూనివర్సిటీకి ఏడాదికో ఉత్సాహం వస్తుంది. కిందటేడు ప్రతి శాఖా ఒక వనం పెంచాలన్నారు. మొక్కల పేర్లతో బోర్డులు వచ్చాయి, మొక్కలు రాలేదు. ఈ ఏడు విదేశాల వంతు. ప్రతి శాఖా మన విద్యార్థుల్ని విదేశంలో చదివించే కార్యక్రమం ఒకటి తయారుచెయ్యాలి, తయారుచేసే అధ్యాపకులకి నిధులిస్తారు అని సర్క్యులరు దిగింది.

ఆ సంగతి సూరీడమ్మకి చెప్పింది భూగోళం చెప్పే ఇప్పిలి జోగారావుగారు. రోజూ రెండు అట్లు తినే మనిషి. పిల్లలంటే ప్రాణం పెడతాడు, ఫైలంటే ప్రాణం వదిలేస్తాడు.

“మంచిదే కదేటి బాబూ! ఏ దేశమెల్తారు?” అంది సూరీడమ్మ.

“వెళ్ళడానికి కాదు సూరీడమ్మా. నిధులిచ్చేది కార్యక్రమం తయారుచెయ్యడానికే.”

“ఎల్లకుండా ఏటి తయారుసేస్తారు?”

“అదే నాకూ తెలీడం లేదు. ఏడో నిబంధన ప్రకారం, ఆ దేశం చూసొచ్చినవాడే ప్రణాళిక వెయ్యాలి. తొమ్మిదో నిబంధన ప్రకారం, ప్రణాళిక ఆమోదించాకే దేశం చూడ్డానికి వెళ్ళాలి.”

సూరీడమ్మ అట్టు తిరగేసింది. “మరి ఎనిమిదో దాంట్లో ఏటున్నాది?”

“ఈ రెండూ ఖచ్చితంగా పాటించాలని ఉంది.”

పాటించారు. అర్థశాస్త్రం వాళ్ళు తయారీ సామగ్రి కింద పన్నెండు సూట్‌కేసులు కొన్నారు. రసాయన శాస్త్రం వాళ్ళు ఉన్ని స్వెట్టర్లు కొని, చెమటలు కక్కుతూ వాటిని వేసుకుని ఫోటో దిగారు. తత్వశాస్త్రం వాళ్ళు ఆత్మకి ఈ లోకమే విదేశమని ముప్ఫై పేజీలు రాసి పంపితే, బస చేసే హోటలు పేరు లేదని వెనక్కి వచ్చింది. ఫిబ్రవరి వెళ్ళిపోయింది. మార్చి నెలాఖరుకి నిధులు మురిగిపోతాయి. ఒక్క శాఖా గుమ్మం దాటలేదు.

అలాంటి రోజుల్లో ఒకనాడు జోగారావుగారు చెయ్యి కడుక్కుంటూ తలెత్తి మేకు వైపు చూశాడు. ఉత్తరం చదివాడు. చెంబు కింద పెట్టేసి మళ్ళీ చదివాడు.

“సూరీడమ్మా, ఇది ఒక్క పూట అప్పివ్వు.”

“సట్నీ మరకలు అంటించీకండి బాబూ. అదొక్కటే నాకు యూనివర్సిటీ ఇచ్చిన కాయితం.”

ఆవేళ పదకొండు గంటలకి సూరీడమ్మ టీ పట్టుకెళ్ళేసరికి రిజిస్ట్రారుగారి గదిలో పెద్దలంతా ఉన్నారు. జోగారావుగారు సర్క్యులరు మొదటి పేజీ చదువుతున్నాడు. “‘ఈ పథకము నిమిత్తము విదేశమనగా విశ్వవిద్యాలయ పరిధికి వెలుపల గల ప్రదేశము.’ ఇది మీరు వేసిన నిర్వచనం సార్. ఇదిగో, ఫలానా స్థలం పరిధికి వెలుపల ఉందని మీ సంతకంతో ఉత్తరం.” ఆయన పెదవి చివర చిన్న నవ్వుంది. వేళాకోళానికే తెచ్చాడని సూరీడమ్మకి తెలిసింది.

రిజిస్ట్రారుగారికి తెలియలేదు. దక్షిణామూర్తిగారు జీవితంలో వేళాకోళం అన్నది ఫైలు మీద చూడలేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకున్నారు.

“సంతకం నాదే. నిర్వచనమూ నాదే. రెండింటికీ పరస్పర వైరుధ్యం కనబడుట లేదు. కావున సదరు కాంటీను విదేశమగుచున్నది.”

గదిలో ఎవరూ నవ్వలేదు. నెలాఖరుకి ఇంకా ఇరవై రోజులే ఉంది. అర్థశాస్త్రం ఆయన మెల్లిగా, “మా సూట్‌కేసులు సిద్ధంగా ఉన్నాయి సార్” అన్నాడు.

రిజిస్ట్రారుగారు అప్పుడు సూరీడమ్మ వైపు తిరిగి లేచి నిలబడ్డారు. ఆయన ఆవిడకి లేచి నిలబడడం అదే మొదలు. “అమ్మా, తాము నేటి నుండి మా విదేశీ భాగస్వామ్య సంస్థ.”

“అలగైతే కుళాయి ఏస్తారేటి బాబూ?”

“విదేశానికి కుళాయి వేయుట మా పరిధిలోని విషయము కాదు.”

మర్నాడు టేపు పట్టుకొచ్చి సున్నంతో గీత గీశారు. గీత దగ్గర బల్ల వేసి ఒక గుమస్తాని కూర్చోబెట్టారు. ప్రవేశపత్రం లేనిదే ఎవరూ గీత దాటకూడదు. ప్రవేశపత్రానికి మూడు ఫోటోలు, శాఖాధిపతి సిఫారసు, తిరిగి వస్తానని ప్రమాణపత్రం. రోజూ పొద్దున్నే వచ్చి నాలుగిడ్లీలు తినిపోయే పిల్లలు గీతకి ఇవతల నిలబడి వాసన పీల్చి క్లాసులకి పోయేవారు. మొదటిరోజు రెండు వాయిల పిండి పులిసిపోయింది.

రిజిస్ట్రారుగారి టీ కూడా దిగుమతి సరుకైంది. గుమస్తా దాన్ని రిజిస్టరులో ఎక్కించి, ముద్ర వేసి, పైకి పంపేసరికి చల్లారిపోయేది. ఆయన మారు మాట్లాడకుండా తాగేవారు. వచ్చిన అతిథులతో, “విదేశీ టీ. అక్కడ ఇలాగే తాగుతారు” అనేవారు.

మొదటి జట్టు బయల్దేరే ముందు మూడు రోజులు శిక్షణ పెట్టారు. అక్కడి ఆహారం, అక్కడి అలవాట్లు, ఇంటిమీద బెంగ వస్తే ఏం చెయ్యాలి. నలభైమంది పిల్లలు సూట్‌కేసులు పట్టుకుని వరసలో నిలబడితే బొట్టుపెట్టి హారతి ఇచ్చారు. ప్రయాణం వాహనం మీదే జరగాలని నిబంధన ఉంది కాబట్టి బస్సు మెయిన్ గేటులోంచి బయటికి వెళ్ళి, బజారంతా చుట్టి, బైపాసు ఎక్కి, జీడితోట వెనక నుంచి కాంటీను దగ్గరికి వచ్చింది. గంటా పది నిమిషాలు పట్టింది. ఇద్దరికి వాంతులయ్యాయి.

దిగినవాళ్ళలో చరిత్ర చదివే నీలవేణి ఉంది. హాస్టల్లో ఉంటుంది. రెండేళ్ళుగా సూరీడమ్మ ఇడ్లీ తినని రోజు లేదు.

“పిన్నీ, బాగున్నావా? నాలుగు రోజులైంది నిన్ను చూసి” అంది సూట్‌కేసు లాక్కుంటూ.

“ఏటే, సిక్కిపోయినావు?”

“మాట్లాడకూడదు పిన్నీ. దుబాసీ ద్వారా మాట్లాడాలంట.”

దుబాసీని నిజంగానే వేశారు. భాషాశాస్త్రం ఆయన ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. నీలవేణి “ఆకలేస్తోంది” అంటే, ఆయన సూరీడమ్మ వైపు తిరిగి, “ఆకలేస్తోందిట” అన్నాడు. సూరీడమ్మ “కూకోమను” అంది. ఆయన నీలవేణి వైపు తిరిగి, “కూర్చోమంటున్నారు” అన్నాడు. సాయంత్రానికి ఆయన గొంతు పోయింది.

అంతవరకూ సూరీడమ్మకీ సరదాగానే ఉంది. కానీ మునుపు పిల్లలు తిని పోయేవారు. ఇప్పుడు పది నుంచి నాలుగు దాకా నలభైమంది అక్కడే మకాం. తాగడానికి నీళ్ళు, చేతులకి నీళ్ళు, వాంతులైనవాళ్ళకి నీళ్ళు. ముప్ఫై బిందెలు కాస్తా యాభై అయ్యాయి. ఆవిడ బిందె ఎత్తుకుని గీత దాటినప్పుడల్లా గుమస్తా, “వెళ్ళడమా, రావడమా?” అని అడిగి రాసుకునేవాడు. నలభయ్యో బిందె దగ్గర ఒకనాడు ఆవిడ మోకాలు మడత పడింది. బిందె దొర్లిపోయింది. ఆవిడ నేలమీద కూర్చుండిపోయింది.

చుట్టూ పిల్లలు నోటుపుస్తకాలు తీశారు. అధ్యాపకుడొకాయన, “గమనించండి, ఇక్కడి ప్రజల దైనందిన జీవనం” అన్నాడు.

నీలవేణి మాత్రం పుస్తకం పారేసి వచ్చి లేవదీసింది. బల్ల మీద కూర్చోబెట్టి మోకాలికి నూనె రాస్తూ, నెమ్మదిగా అంది. “పిన్నీ, మాకు ప్రాజెక్టు రాయమన్నారు. విదేశంలో చూసింది చూసినట్టు రాయాలంట. నిన్ను రాసెయ్యనా?”

సూరీడమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. మేకుకున్న ఉత్తరం వైపు చూసింది.

“రాసీ. బిందెలు నెక్క తగ్గించీకు.”

నీలవేణి ప్రాజెక్టు పేరు ‘ఆ దేశపు స్త్రీల నీటి కష్టాలు’. ఆ దేశంలో ఒక వృద్ధ స్త్రీ దినమునకు యాభై బిందెల నీరు శిరస్సుపై మోయుననీ, సరిహద్దు అవతల సంపన్న దేశంలో కుళాయిలు కట్టేవారు లేక రాత్రింబవళ్ళు కారుతుండుననీ, ఆ రెంటి నడుమ దూరం నలభై అడుగులేననీ రాసింది. దానికి ప్రథమ బహుమతి వచ్చింది. బహుమతి సభలో రిజిస్ట్రారుగారే దాన్ని చదివి వినిపించారు. చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ఎంతటి దయనీయ పరిస్థితి! ఆ పక్కనున్న సంపన్న దేశానికి హృదయమన్నది లేకపోవుట శోచనీయం. మనం మన దేశంలో పుట్టుట మన భాగ్యం.”

వెనక వరసలో పకోడీల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ సూరీడమ్మ పక్కన జోగారావుగారు దగ్గు తెచ్చుకున్నాడు. ఆ దగ్గు చాలాసేపు తగ్గలేదు.

కార్యక్రమం అంత గొప్పగా నడుస్తోంది కాబట్టి దాన్ని శాశ్వతం చెయ్యాలన్నారు. శాశ్వతం చెయ్యాలంటే రెండు దేశాల మధ్య ఒప్పందం ఉండాలి. వేదిక వేశారు, శాలువా తెచ్చారు. పదకొండు పేజీల ఒప్పందం ఎక్కడిదో నిజమైన ఒప్పందం చూసి దింపారు. పేర్లు మాత్రం మార్చారు. రిజిస్ట్రారుగారు చివరి పేజీ తీసి, నిలబడే సంతకం పెట్టేసి, కలం సూరీడమ్మకి అందించారు.

సూరీడమ్మ కలం బల్ల మీద పెట్టింది. “సదివి పెడతాను బాబూ.”

“మొత్తమా?”

“మరి మొత్తానికి కదేటి సంతకం.”

చదివింది. వేలు పెట్టుకుని, పెదాలు కదుపుకుంటూ, మొదటి పేజీ మొదటి మాట నుంచి. గంట గడిచింది. ఫోటోగ్రాఫరు కుర్చీలో కునుకు తీశాడు. మాలలు వాడాయి. నాలుగో పేజీలో ఆవిడ వేలు ఆగింది.

“‘వచ్చే పిల్లలందరికీ భాగస్వామి సంస్థ మంచినీరు సరఫరా చేయవలెను’ అని ఉన్నాది. నానిస్తాను. ఏటిలోంచి ఇస్తాను? నా దేశంలో నీళ్ళు నేవు.”

వేదిక మీద గుసగుసలు లేచాయి. నీళ్ళు లేకపోతే నాలుగో పేజీ చెల్లదు. నాలుగో పేజీ చెల్లకపోతే ఒప్పందం చెల్లదు. రిజిస్ట్రారుగారు చాలాసేపు ఆలోచించి తల పైకెత్తారు.

“స్థానికులకు పరిధి వెలుపల కుళాయి వేయుటకు నిబంధనలు అంగీకరించవు. అయితే మిత్రదేశమునకు సహాయము చేయుటను నిషేధించు నిబంధన ఏదియు లేదు. అంతర్జాతీయ సహాయము క్రింద ఒక కుళాయి మంజూరు.”

ఆ వాక్యం నాలుగో పేజీలో రాసి, పక్కన పొట్టి సంతకాలు పెట్టారు. సూరీడమ్మ మిగతా ఏడు పేజీలూ అంతే నిదానంగా చదివింది. పదో పేజీ మాత్రం రెండుసార్లు చదివింది. అప్పుడు కలం తీసుకుని, బల్ల మీదకి వంగి, ఒక్కో అక్షరం నిలబెట్టి సంతకం పెట్టింది.

నాలుగో రోజుకల్లా పైపు వచ్చేసింది. రెండేళ్ళుగా కదలని నలభై అడుగులు రెండు పూటల్లో తవ్వేశారు. కుళాయి మీద ‘మిత్రదేశ ప్రజలకు మా కానుక’ అని పలక బిగించారు. సూరీడమ్మ తిప్పింది. ముందు గాలి వచ్చింది, తర్వాత తుప్పు వచ్చింది, ఆ తర్వాత నీళ్ళు వచ్చాయి. ఆవిడ దోసిలి పట్టి మొహం కడుక్కుంది. పక్కనున్నవాళ్ళకి ఏవి కుళాయి నీళ్ళో, ఏవి కావో తెలియలేదు. బిందెని బోర్లించి, దాని మీద కూర్చుని ఆవిడ ఆవేళ మొదటిసారి తన టీ తాను వేడిగా తాగింది.

కుళాయి పదిహేను రోజులు నడిచింది. పదహారో రోజున పైనుంచి తనిఖీ వస్తోందని తెలిసి, రిజిస్ట్రారుగారు రికార్డులన్నీ తిరగేశారు. నీటి విభాగం రిజిస్టరులో పాత నిబంధన ఒకటి దొరికింది. విశ్వవిద్యాలయ కుళాయి ఎక్కడుంటే అది విశ్వవిద్యాలయ పరిధి.

ఆయన పరుగులాంటి నడకతో కాంటీనుకి వచ్చారు. గుమస్తా ప్రవేశపత్రం అడిగితే, తెచ్చుకోలేదు కాబట్టి గీతకి ఇవతలే నిలబడ్డారు.

“అమ్మా, తమ కుళాయి వలన తాము పరిధి లోపలికి వచ్చేశారు. ఇది విదేశము కాకుండా పోయినది. రెండు వందల పన్నెండు మంది విద్యార్థుల విదేశీ విద్య కాస్తా రికార్డుల ప్రకారము టిఫిను తినుటగా మారినది! తనిఖీ ఎల్లుండి. కుళాయి తక్షణము తొలగించవలెను.”

సూరీడమ్మ పళ్ళేలు తోముతోంది. నీళ్ళు కట్టలేదు.

“లోపలికొచ్చీసినాను కదా బాబూ. లోపలున్నోళ్ళ కుళాయి తీసీడం ఏటి? అందరికీ ఉన్నాది కదా.”

“అలా కాదు. తీసివేసినచో తాము వెలుపల ఉందురు.”

“ఎలపలున్నదాన్ని అయితే, నా దేశంలో కుళాయి తియ్యడానికి మీరెవులు?”

రిజిస్ట్రారుగారు చేతిలోని రిజిస్టరు తెరిచారు. నిబంధన కోసం వెతుక్కున్నారు. రిజిస్టరు మూసేశారు. అట్టు తింటున్న జోగారావుగారు, “పదో పేజీ చూడండి సార్” అన్నాడు.

“మీరు సంతకమెట్టినారు కదా, అదే” అని సూరీడమ్మ చెయ్యి తుడుచుకుని, మేకు మీదున్న ఒప్పందం తీసి, వేలు పెట్టి చదివింది. “‘ఒప్పందము ప్రకారము కల్పించిన ఏ సౌకర్యమునూ రెండవ పక్షము వారి లిఖితపూర్వక అంగీకారము లేనిదే మొదటి పక్షము వారు తొలగించరాదు.’ రెండో పచ్చం నానే.”

“అయితే అంగీకారము దయచేయించండి” అన్నారాయన. గొంతు పూర్తిగా తగ్గిపోయింది.

“అర్జీ పెట్టుకోండి బాబూ.”

పెట్టుకున్నారు. దక్షిణామూర్తిగారు గీతకి ఇవతల నేలమీద రుమాలు పరుచుకుని కూర్చుని, ఒళ్ళో కాగితం పెట్టుకుని, సదరు కుళాయి తొలగించుటకు తమ అనుమతి కోరుచూ అని రాసి, గుమస్తా చేత లోపలికి పంపారు. గుమస్తా దాన్ని దిగుమతి రిజిస్టరులో ఎక్కించాడు.

సూరీడమ్మ అందుకుంది. ఒక్క మాట వదలకుండా చదివింది. నీలవేణి దగ్గర కలం పుచ్చుకుని, కింద ఖాళీ జాగాలో తన జీవితంలో మొదటి ఆఫీసు ఉత్తరం రాసింది. చాలాసేపు పట్టింది. రిజిస్ట్రారుగారు మెడ సాచి చూస్తూనే ఉన్నారు.

“మీ అర్జీ అందినది. పరిశీలనలో ఉన్నది. రెండేళ్ళకు పదకొండు రోజులు తక్కువలో జవాబు తెలియజేయబడును.”

నకలు ఆయనకి పంపించి, అసలుది ప్లాస్టిక్ కవరులో పెట్టి, పాత ఉత్తరం పక్కన మేకుకి తగిలించింది. టైము చూస్తే పదకొండు. ఆవిడ పొయ్యి మీద టీ దించి, గ్లాసులో పోసి, తానే గీత దగ్గరికి పట్టుకెళ్ళింది.

“తాగండి బాబూ. ఇక్కడైతే వేడిగానే ఉంటాది.”